విండోస్ 11కి మారుతున్నారా? పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, ప్రింటర్లు చేజారకుండా ఇలా చేయండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటరైతే ఓ సాయంత్రం కూర్చుని విండోస్ 11 ఎక్కించేసుకోవచ్చు. పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు కంపోజ్ చేసే డీటీపీ సెంటరు సంగతి వేరు. ట్యాలీ, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, ఎప్పుడో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాం మీద నడిచే కొట్టు సంగతీ వేరు. ఇలాంటి చోట సిస్టమ్ ఒక్కరోజు ఆగితే ఆ రోజు గల్లాపెట్టె ఆగినట్టే. కాబట్టి ముహూర్తాలు దగ్గరపడ్డాక గానీ, మార్చి నెలాఖరులో గానీ ఈ పని పెట్టుకోకండి. చేతిలో రెండు ఖాళీ రోజులు ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

మారాక వచ్చే ఇబ్బందులు చాలావరకు అసలు ప్రోగ్రాం వల్ల రావు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి విండోస్ 11 మీదా నడిపించుకోవచ్చు. తేడా చేసేవి దాని చుట్టూ ఉన్నవి: ఫాంట్లు, తెలుగు కీబోర్డు మేనేజరు, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే పోర్టుకు తగిలించాల్సిన తాళంచెవి లాంటి చిన్న పరికరం), ప్రింటరు డ్రైవరు, ప్రోగ్రాం తన సెట్టింగులు రాసుకునే ఫోల్డరు. వీటిని ముందే పట్టుకుంటే పని సగం అయినట్టే.

1. సిస్టమ్ గురించి నాలుగు సంగతులు రాసుకోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. "సిస్టమ్ టైప్" దగ్గర 32 బిట్టా, 64 బిట్టా చూడండి. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. మీది 32 బిట్ అయితే ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఎక్కించాల్సిందే. పైగా 32 బిట్ డ్రైవర్లేవీ పనికిరావు, డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు.

అదే పేజీలో ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఇంటెల్ ఐ5-7400 అంటే ఏడో తరం, 8400 అంటే ఎనిమిదో తరం, 10400 అంటే పదో తరం. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఎక్కువ మోడళ్లకు అర్హత ఉంది. మీ మోడల్ సంగతి కచ్చితంగా తెలియాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేసి చూడండి.

మూడోది టీపీఎం, అంటే కంప్యూటరు భద్రత కోసం ఉండే చిప్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, "టీపీఎం డాట్ ఎంఎస్‌సీ" టైప్ చేసి ఎంటర్ కొట్టండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని రావాలి. "టీపీఎం దొరకలేదు" అన్నంత మాత్రాన మదర్‌బోర్డు మార్చేయకండి. బయోస్‌లో (కంప్యూటరు ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండే అవకాశం ఎక్కువ. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది.

నాలుగోది బయోస్ మోడ్. అదే రన్ పెట్టెలో "ఎంఎస్‌ఇన్ఫో32" కొడితే వచ్చే పేజీలో "బయోస్ మోడ్" దగ్గర యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా చూసుకోండి. వీటితోపాటు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలన్నది మైక్రోసాఫ్ట్ లెక్క. పని చేసుకోవాలంటే మాత్రం 8 జీబీ ర్యామ్ ఉండాల్సిందే.

మీ మెషీన్‌కు అర్హత లేకపోతే కంగారు పడి కొత్తది కొనక్కర్లేదు. సొంత కంప్యూటర్లకు విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా తీసుకునే పథకం ఉంది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ అకౌంటుకు బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లకు సమానమైన సొమ్ము గానీ ఇవ్వాలి. ఇక రూఫస్ అన్న టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసి, అర్హత తనిఖీని తప్పించి ఎక్కించే పద్ధతి అందరికీ తెలిసిందే. అలా ఎక్కించిన మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. సంపాదన నడిచే మెషీన్ మీద ఆ పని చేయొద్దనే మా సలహా. దానికంటే ఆ పాత మెషీన్‌కు ఇంటర్నెట్ తీసేసి, పేజ్‌మేకర్‌కు మాత్రమే ఉంచుకుని, మెయిళ్లు, బ్యాంకు పనులు వేరే మెషీన్ మీద చేసుకోవడం ఎంతో నయం.

2. ప్రోగ్రాముల పట్టీ

మీరు వాడే ఒక్కో ప్రోగ్రాం పక్కన ఇవి రాయండి: ఇన్‌స్టాలర్ సీడీ లేదా ఫైలు ఉందా, సీరియల్ నంబరు ఎక్కడుంది, డాంగిల్ కావాలా, డేటా ఏ ఫోల్డర్లో ఉంది. సీడీ ఉన్నా ఇప్పటి క్యాబినెట్లలో సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి ముందే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

16 బిట్ ప్రోగ్రాములను పట్టుకోవడం తేలిక. 32 బిట్ విండోస్‌లో ఆ ప్రోగ్రాం నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. ఎన్‌టీవీడీఎం అన్న పేరు కనబడితే అది 16 బిట్టే. కొన్ని ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా వాటి సెటప్ మాత్రం 16 బిట్‌ది అయి ఉంటుంది. అలాంటివి 64 బిట్ విండోస్‌లో సెటప్ దగ్గరే ఆగిపోతాయి, తప్పు ప్రోగ్రాంది అనుకుంటాం.

డేటా ఫోల్డరు విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. పాత ప్రోగ్రాములు తమ డేటాను, సెట్టింగులను ప్రోగ్రాం ఫైల్స్ లోనే రాయబోతాయి. విస్టా నుంచి విండోస్ దాన్ని ఒప్పుకోదు. అలాగని ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ ఫైళ్లను చడీచప్పుడు లేకుండా సీ డ్రైవ్‌లో యూజర్స్, మీ యూజర్ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అన్న ఫోల్డర్లోకి మళ్లిస్తుంది. ప్రోగ్రాం ఫోల్డర్‌ను మాత్రమే కాపీ చేసి ఫార్మాట్ కొడితే, అందులో ఉండేది ఇన్‌స్టాల్ చేసిననాటి ఖాళీ ఫైలు. ఏళ్ల తరబడి ఎక్కించిన బిల్లులన్నీ వర్చువల్‌స్టోర్‌తో పాటు పోతాయి. యాప్‌డేటా దాగి ఉండే ఫోల్డరు కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి "హిడెన్ ఐటమ్స్" టిక్ పెట్టి మరీ చూడండి. ఒకే పేరుతో రెండు చోట్ల ఫైలు కనబడితే, తేదీ కొత్తగా ఉన్నది అసలుది.

ట్యాలీ వాడేవాళ్లు పాత సిస్టమ్ మీద లైసెన్స్‌ను సరెండర్ చేశాకే మార్పు మొదలుపెట్టండి. డేటా ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ తీయండి. ఈఆర్‌పీ 9 నుంచి ప్రైమ్‌కి మారే ఆలోచన కూడా ఉంటే, మైగ్రేషన్‌ను ఆ కాపీ మీదే చేయండి, అసలు దాని మీద వద్దు.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. సర్టిఫికెట్ ఉండేది యూఎస్‌బీ టోకెన్‌లో, కంప్యూటర్లో కాదు. కొత్త సిస్టమ్‌లో టోకెన్ సాఫ్ట్‌వేర్ వేశాక సర్టిఫికెట్ కనబడకపోతే డ్రైవరు మళ్లీ వేయండి, పోర్టు మార్చి చూడండి. "ఇనిషియలైజ్" అన్న బటన్ మాత్రం నొక్కకండి. నొక్కితే సర్టిఫికెట్ చెరిగిపోతుంది, కొత్తది డబ్బు కట్టి తీసుకోవాలి.

3. పాత డిస్కును ముట్టుకోకండి

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క మాటే వినగలం అంటే ఇది వినండి: ఉన్న డిస్కు మీద అప్‌గ్రేడ్ చేయకుండా కొత్త ఎస్ఎస్‌డీ కొని దాని మీద విండోస్ 11 ఎక్కించండి. 256 జీబీది సరిపోతుంది, ఫొటోల పని ఉంటే 500 జీబీది తీసుకోండి. ఏ దశలో ఏది తేడా కొట్టినా పాత డిస్కు వైరు తిరిగి తగిలిస్తే ముందులాగే మొదలవుతుంది. డెలివరీ ఇవ్వాల్సిన పని ఆగదు. విండోస్ 10 అసలు లైసెన్స్‌తో యాక్టివేట్ అయి ఉంటే, అదే మదర్‌బోర్డు మీద విండోస్ 11 కూడా యాక్టివేట్ అవుతుంది. డిస్కు మారడం అడ్డంకి కాదు.

పాత డిస్కు విప్పేముందు మూడు పనులు ఉన్నాయి. మొదట, దాని మొత్తాన్నీ వర్చువల్ డిస్కు ఫైలుగా తీసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో దొరికే డిస్క్2వీహెచ్‌డీ అన్న ఉచిత టూల్ విండోస్ నడుస్తుండగానే ఈ పని చేసేస్తుంది. ఫైలును బయటి హార్డ్‌డిస్కు మీదికి పంపండి. తర్వాత ఏ ప్రోగ్రామూ దారికి రాకపోతే ఈ ఫైలే ఆదుకుంటుంది. రెండు, సిస్టమ్ ఇప్పటికే 64 బిట్ అయితే డ్రైవర్ ఈజీ లాంటి వాటి జోలికి పోకుండా, విండోస్‌లోనే ఉన్న పీఎన్‌పీయుటిల్ కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆప్షన్‌తో నడిపి డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డర్లోకి తీయండి. మూడు, బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో టీపీఎం సెట్టింగు మార్చగానే అది ఆ కీ అడుగుతుంది.

ఇంకొక్కటి. మీరు తరచూ వాడే ఫైళ్లలోంచి నాలుగు ఏరి, పాత సిస్టమ్ మీదే ప్రింట్లు తీసి దాచండి: ఒత్తులు ఎక్కువున్న తెలుగు పేజీ ఒకటి, టేబుల్ ఉన్నది ఒకటి, తెలుగు ఇంగ్లిషు కలిసినది ఒకటి, ఒక బిల్లు. వీటి అవసరం చివర్లో వస్తుంది.

4. ఎక్కించడం

8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ తయారుచేయండి. బయోస్‌లో యూఈఎఫ్ఐ ఉంచి, సీఎస్ఎం (లెగసీ పద్ధతికి వీలిచ్చే సెట్టింగు) ఆఫ్ చేసి, టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. పాత డిస్కు కేబుల్ పీకేయండి. రెండు డిస్కులూ తగిలించి ఉంటే సెటప్ బూట్ ఫైళ్లను పాత డిస్కులో పెట్టే ప్రమాదం ఉంది. అప్పుడు పాతది తీసేసిన రోజున కొత్తది కూడా బూట్ అవ్వదు.

ఎస్ఎస్‌డీ కొనకుండా ఉన్నదాని మీదే చేస్తామంటే, లెగసీ మోడ్ డిస్కును ముందు ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో మార్చాలి. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి, సరే అన్నాకే కన్వర్ట్ ఇవ్వండి. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే అది ఒప్పుకోదు. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగితే ఎర్రర్ నంబరు చూడండి. 1900208 అంకెలున్నదైతే ఏదో ఒక ప్రోగ్రాం అడ్డుపడుతోంది, సాధారణంగా పాత యాంటీవైరస్ గానీ డాంగిల్ డ్రైవర్ గానీ. 1900101 అంటే డ్రైవర్ల గొడవ. కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసి మళ్లీ ప్రయత్నించండి. 190020 తర్వాత ఇంగ్లిషు "E" అక్షరం వస్తే డిస్కులో చోటు చాలలేదని.

5. తెలుగు ఫాంట్లు

అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి వాటితో వాడే పాత ఫాంట్లు తెలుగును తెలుగుగా దాచవు. ఫైల్లో ఉండేది ఇంగ్లిషు అక్షరాలు, 128 నుంచి 255 దాకా ఉండే గుర్తుల సంఖ్యలు. వాటికి తెలుగు బొమ్మలు తగిలించేది ఫాంటు. అందుకే ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో "శ్రీరస్తు" ఉన్నచోట అర్థంకాని ఇంగ్లిషు గుర్తులు కనబడతాయి. ఫైలు పాడవలేదు, ఫాంటు దొరకలేదంతే.

ఫాంట్లను ఎక్కించేటప్పుడు ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ కొట్టకండి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి అలా ఎక్కించిన ఫాంటు ఆ ఒక్క యూజర్‌కే చెందుతుంది, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లోకి కాకుండా యాప్‌డేటాలోకి పోతుంది. వర్డ్‌లో కనబడుతుంది, పాత ప్రోగ్రాముల జాబితాలో కనబడకపోవచ్చు. ఫాంట్లన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, "షో మోర్ ఆప్షన్స్"లో "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" ఎంచుకోండి. ఇప్పటికే మామూలుగా ఎక్కించేసి ఉంటే తీసేసి మళ్లీ ఇలా వేయండి.

ఫాంటు ఫైళ్ల రకం కూడా చూడండి. టీటీఎఫ్ అయితే ఇబ్బంది లేదు. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం జతగా ఉండే టైప్ 1 ఫాంట్లకు అడోబీ 2023 జనవరిలో సపోర్ట్ ఆపేసింది. కొత్త ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్‌లలో అవి రావు. అదే ఫాంటు టీటీఎఫ్ రూపంలో అమ్మినవాళ్ల దగ్గర దొరుకుతుందేమో అడగండి.

ఫాంటు ఉన్నా కొన్ని గుర్తులు మాత్రమే పెట్టెలుగానో ప్రశ్నార్థకాలుగానో కనబడుతున్నాయా? అప్పుడు చూడాల్సింది సిస్టమ్ లొకేల్, అంటే పాత ప్రోగ్రాముల్లోని అక్షరాల సంఖ్యలను ఏ భాష ప్రకారం చదవాలో విండోస్‌కు చెప్పే సెట్టింగు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్, చేంజ్ సిస్టమ్ లొకేల్. అక్కడ ఇంగ్లిష్ ఇండియా గానీ ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ గానీ ఉంచండి, తెలుగు పెట్టకండి. కింద "బీటా" అని మొదలయ్యే యూటీఎఫ్ 8 టిక్ ఉంటే తీసేయండి. ఆ టిక్ ఉంటే 127 దాటిన సంఖ్యలను విండోస్ వేరే రకంగా చదువుతుంది, మన ఫాంట్లలో పై స్థానాల్లో ఉన్న గుర్తులన్నీ తప్పిపోతాయి. మార్చాక రీస్టార్ట్ తప్పనిసరి.

ఇక కీబోర్డు. యాపిల్ లేఅవుట్‌కో మాడ్యులర్‌కో అలవాటుపడ్డ ఆపరేటర్‌కు ఎదురయ్యే చిక్కు ఇలా ఉంటుంది: నోట్‌ప్యాడ్‌లో కీబోర్డు మేనేజర్ చక్కగా పనిచేస్తుంది, పేజ్‌మేకర్‌లోకి రాగానే అవే కీలు ఉత్త ఇంగ్లిషు కొడతాయి. కారణం పర్మిషన్లు. పేజ్‌మేకర్‌ను "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"గా తెరిచి, కీబోర్డు మేనేజర్‌ను మామూలుగా తెరిస్తే, తక్కువ హోదా ప్రోగ్రాం ఎక్కువ హోదా ప్రోగ్రాం కీలను పట్టుకోకుండా విండోస్ అడ్డుకుంటుంది. రెండింటినీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, లేదా రెండింటినీ మామూలుగా తెరవండి. అలాగే టాస్క్‌బార్‌లో విండోస్ సొంత కీబోర్డు ఇంగ్లిషు మీదే ఉండాలి. విండోస్ కీ, స్పేస్ పొరపాటున నొక్కి అది తెలుగుకి మారితే రెండు కీబోర్డులూ ఒకదాని మీద ఒకటి పడి ఏదేదో వస్తుంది.

యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతిలో) పనిచేసేవాళ్లకూ ఒక చిక్కుంది. పాత వర్డ్ ఫైళ్లలో వాడిన గౌతమి, వాణి ఫాంట్లు కొత్తగా ఎక్కించిన విండోస్ 11లో ఉండవు. వాటి బదులు నిర్మలా యూఐ వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పు తేడా కాబట్టి లైన్లు మారి, 40 పేజీల ఫైలు 43 పేజీలో 38 పేజీలో అవుతుంది, విషయసూచిక నంబర్లన్నీ తప్పుతాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" యాడ్ చేయండి. ఫైలు మళ్లీ తెరిస్తే పేజీలు పాత చోటికి వస్తాయి.

6. పేజ్‌మేకర్

సెటప్ నడిపేటప్పుడు ప్రోగ్రాం ఫైల్స్‌కి బదులు సీ డ్రైవ్‌లో నేరుగా పీఎం7 అన్న ఫోల్డర్ పెట్టి అందులోకి ఎక్కించండి. వర్చువల్‌స్టోర్ గొడవ ఉండదు, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాల్సిన అవసరమూ తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ 125, 150 శాతం ఉంటే పాలెట్లు సరిగా కనబడకపోవచ్చు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్, కింద ఓవర్‌రైడ్ టిక్ పెట్టి "సిస్టమ్" ఎంచుకోండి.

పాత ఫైలు తెరవగానే ఫాంటు లేకపోతే పానోస్ ఫాంట్ మ్యాచింగ్ పెట్టె వస్తుంది. అక్కడ "పర్మనెంట్" ఎంచుకోకండి. ఎంచుకుని సేవ్ చేస్తే ఫైల్లోని అసలు ఫాంటు పేరే మారిపోతుంది, తర్వాత ఫాంటు ఎక్కించినా తిరిగి రాదు. క్యాన్సిల్ కొట్టి, ఆ పెట్టెలో కనబడిన ఫాంటు పేరు రాసుకుని, దాన్ని ఎక్కించి మళ్లీ తెరవండి.

పేజ్‌మేకర్ పేజీని ప్రింటరును బట్టి కూర్చుతుంది. విండోస్ 11లో "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆన్‌లో ఉంటే చివరిగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. పొద్దున లేజర్ మీద, మధ్యాహ్నం పీడీఎఫ్ మీద తీస్తే ఫైలు ఒక్కోసారి ఒక్కోలా తెరుచుకుంటుంది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో దాన్ని ఆఫ్ చేసి, మీ లేజర్ ప్రింటరును డిఫాల్ట్‌గా పెట్టండి. డాక్యుమెంట్ సెటప్‌లో "కంపోజ్ టు ప్రింటర్" కూడా అదే ఉండాలి.

పేజ్‌మేకర్ సొంత పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌కు డిస్టిలర్ అన్న అడోబీ ప్రోగ్రాం కావాలి. అది లేకపోతే ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు డ్రైవర్‌ను "ఫైల్" పోర్టుకు పెట్టి, వచ్చిన పీఎస్ ఫైలును గోస్ట్‌స్క్రిప్ట్ అన్న టూల్‌తో పీడీఎఫ్ చేయండి. ప్లేటుకు పంపేముందు ఆ పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో చూడండి.

పాత ఫైళ్లను ఎప్పటికైనా ఇన్‌డిజైన్‌లోకి తేవాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగిన చివరి వెర్షన్ సీఎస్6. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. తెలుగు యూనికోడ్ కూర్పు కూడా సీఎస్6లోనే మొదలైంది. మీ దగ్గర సీఎస్6 ఉంటే, అది పనిచేస్తున్న సిస్టమ్‌ను తీసేయకముందే ముఖ్యమైన ఫైళ్లను దానిలో తెరిచి సేవ్ చేసుకోండి. కొత్తగా మొదలుపెట్టే పుస్తకాలను యూనికోడ్‌లోనే కంపోజ్ చేస్తే, మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లతో ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటాయి.

7. డాంగిల్ దొరకలేదంటే

పాత డాంగిల్ డ్రైవర్లు విండోస్ 11లో ఎక్కకపోవడానికి ముఖ్య కారణం కోర్ ఐసోలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ అన్న భద్రతా సెట్టింగు. కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌లలో ఇది చాలావరకు ఆన్‌లోనే వస్తుంది. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీలో చూడండి. ముందుగా డాంగిల్ కంపెనీ సైటులో కొత్త డ్రైవర్ కోసం వెతకండి. హాస్ప్ డాంగిల్ అయితే సెంటినెల్ రన్‌టైమ్ కొత్త వెర్షన్ వేయండి. డ్రైవర్ వేసేటప్పుడు డాంగిల్ తీసి ఉంచి, రీస్టార్ట్ అయ్యాక తగిలించండి. ఏదీ కుదరకపోతేనే మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేయండి. అలా ఆఫ్ చేసిన మెషీన్‌లో బ్యాంకు పనులు చేయకండి. ప్యారలల్ పోర్టు డాంగిల్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ పనిచేయదు, ఆ కేబుళ్లు ప్రింటర్లకే. దానికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు కావాలి.

8. ప్రింటర్లు

లేజర్ ప్రింటర్లకు మోడల్ పేరుతో 64 బిట్ డ్రైవర్ దొరికితే, అది విండోస్ 10ది అయినా 11లో సాధారణంగా పనిచేస్తుంది. డ్రైవర్ సెటప్ అడిగేదాకా యూఎస్‌బీ కేబుల్ తగిలించకండి. ముందే తగిలిస్తే విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది. దొరికిన డ్రైవర్ ఫైలును తప్పకుండా దాచుకోండి. ప్రింటరు కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం క్రమంగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. ప్రింటర్ల పేజీలో "విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్" కనబడితే ఆఫ్‌లోనే ఉంచండి, ఆన్ చేస్తే పాత డ్రైవర్లు పనిచేయవు. డాట్ మ్యాట్రిక్స్‌కు ఏ డ్రైవరూ దొరక్కపోతే "జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ" వేస్తే ఇంగ్లిషు బిల్లులు వస్తాయి.

9. డాస్, వీబీ6 ప్రోగ్రాములు

ఫాక్స్‌ప్రోలో రాసిన రైస్ మిల్లు, చిట్‌ఫండ్ లెక్కల ప్రోగ్రాములు డాస్‌బాక్స్ ఎక్స్‌లో గానీ వీడాస్‌లో గానీ నడుస్తాయి. డాస్‌బాక్స్ ఎక్స్ ఉచితం, రెండింటిలోనూ ప్రింటింగ్ ఉంది. డేటా ఫోల్డర్‌ను కాపీ చేసి ఆ కాపీ మీద వారం రోజులు నడిపి, టోటల్స్ పాతదానితో సరిపోల్చాకే పూర్తిగా మారండి.

వీబీ6 (విజువల్ బేసిక్ 6)లో రాసిన ప్రోగ్రాం "ఫలానా ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదు" అంటే ఆ ఫైలును పాత డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు. పెట్టాల్సింది సిస్టమ్32లో కాదు, సిస్‌వావ్64 ఫోల్డర్లో. పేర్లు చూస్తే తారుమారుగా అనిపిస్తుంది గానీ 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఫైళ్ల చోటు అదే. రిజిస్టర్ చేసే రెగ్‌ఎస్‌వీఆర్32 కమాండ్‌ను కూడా ఆ ఫోల్డర్లోంచే, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. డాట్‌నెట్ 3.5 అడిగే ప్రోగ్రాములకు దాన్ని విండోస్ ఫీచర్స్‌లోంచి ఆన్ చేస్తే చాలు.

పాత ప్రభుత్వ వెబ్‌సైటు ఏదైనా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలంటే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. అందులో చేర్చిన సైటు 30 రోజులకు జాబితాలోంచి పోతుంది, మళ్లీ చేర్చుకోవాలి.

10. పక్క సిస్టమ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే

పాస్‌వర్డ్ లేని షేరింగ్‌ను విండోస్ 11 24హెచ్2 ప్రో వెర్షన్ ఒప్పుకోదు. షేర్ ఇస్తున్న మెషీన్‌లో ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్‌కు ఆ యూజర్‌కే అనుమతి ఇచ్చి, కొత్త మెషీన్‌లో అవే వివరాలు కొట్టండి. అవతలిది ఎక్స్‌పీ అయితే దానికి ఎస్ఎంబీ1 అన్న పాత షేరింగ్ పద్ధతి కావాలి. దాన్ని ఆన్ చేయడం నెట్‌వర్క్ మొత్తానికీ ప్రమాదం. ఆ ఎక్స్‌పీ మెషీన్‌తో పెన్‌డ్రైవ్ ద్వారానే వ్యవహారం నడపండి.

11. ఏదీ కుదరకపోతే వర్చువల్ మెషీన్

ఇందాక డిస్క్2వీహెచ్‌డీతో తీసిన ఫైలు గుర్తుందిగా. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్. దాన్ని నడపడానికి విండోస్ 11 ప్రోలో హైపర్‌వీ ఉంది. హోమ్ వెర్షన్ అయితే వర్చువల్‌బాక్స్ గానీ, 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమైన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో గానీ వేసుకోండి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఆ ఫైలును డిస్కుగా చూపించి (వీఎంవేర్‌కైతే ముందు దాని ఫార్మాట్‌లోకి మార్చుకుని), 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు ఇస్తే మీ పాత సిస్టమ్ కిటికీలో తెరుచుకుంటుంది. పాతది లెగసీ మోడ్‌లో ఉన్నదైతే వర్చువల్ మెషీన్ కూడా లెగసీ రకం కావాలి, హైపర్‌వీలో దాన్ని జెనరేషన్ 1 అంటారు. యూఎస్‌బీ డాంగిల్ వాడాలంటే హైపర్‌వీ వద్దు, మిగతా రెండింటిలో ఒకటి ఎంచుకోండి. అవి డాంగిల్‌ను నేరుగా లోపలికి పంపగలవు. లోపలి విండోస్ యాక్టివేషన్ అడగవచ్చు, మెషీన్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ వర్చువల్ మెషీన్‌కు వర్తించదు. ఆ వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ తీసేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా పంపుకోండి.

12. సరిచూసుకోవడం

మొదట్లో తీసి దాచిన నాలుగు ప్రింట్లు ఇప్పుడు బయటికి తీయండి. అవే ఫైళ్లను కొత్త సిస్టమ్ నుంచి అదే ప్రింటరు మీద తీసి, పాత కాగితం మీద కొత్తది పెట్టి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే సరే. పేరా చివరి లైన్లలో జరుగుబాటు కనబడితే ఫాంటు వెర్షన్‌లో గానీ డిఫాల్ట్ ప్రింటర్‌లో గానీ తేడా ఉంది. ఒత్తులు పక్కకు పోతే లొకేల్ చూడండి. స్క్రీన్ మీద చూసి సరిపోయిందనుకోవద్దు, ఈ తేడాలు కాగితం మీదే బయటపడతాయి.

ఉన్న డిస్కు మీదే అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు వెనక్కి వెళ్లే గడువు 10 రోజులు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. డిజ్మ్ కమాండ్‌తో ఆ గడువును, అది ముగిసేలోపే, 60 రోజులకు పెంచుకోవచ్చు. ఈలోపు డిస్క్ క్లీనప్ చేసి విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను చెరిపేయకండి. కొత్త ఎస్ఎస్‌డీ వేసుకున్నవాళ్లకు ఈ గడువు లెక్క లేదు. పాత డిస్కు మీద తేదీ రాసి, కవర్లో పెట్టి, ఒక పెళ్లిళ్ల సీజనూ ఒక మార్చి 31వ తేదీ దాటేదాకా ఫార్మాట్ చేయకుండా ఉంచండి. ఏడాదికోసారి మాత్రమే తెరిచే ఫైళ్లు, ప్రోగ్రాములు అప్పుడే గుర్తొస్తాయి.